నాగేశ్వరయ్యగారి కాఫీ యంత్రం

ఆదోని,
12 నవంబరు 1943.

అక్క శ్రీశైలమ్మకు తమ్ముడు మహానంది నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. మీరు బాగున్నారని అనుకోను కాబట్టి ఆ మాట అడగడం లేదు.

బళ్లారి బస్సు షెడ్డులో పని మానుకుని ఆదోని వచ్చి పది రోజులైంది. ముందే రాయకపోవడానికి కారణం ఉంది. ఇప్పుడు నేను పని చేస్తున్నది నాగేశ్వరయ్య దగ్గర. అవును, ఆ నాగేశ్వరయ్యే. బావ కుడిచెయ్యి పోగొట్టుకున్న పత్తి ప్రెస్సు మిల్లు శెట్టే. ఇక్కడికి చదివి కాగితం చించెయ్యకు, చివరిదాకా చదువు.

యుద్ధం వచ్చాక పత్తి వ్యాపారం చప్పబడింది. శెట్టి కన్ను కాఫీ మీద పడింది. ఊళ్లో వీధికో కాఫీ హోటలు లేచింది. స్టేషనులో సోల్జర్ల బండి ఆగిందంటే ఎంత పొడి ఉన్నా చాలడం లేదు. ఇన్నాళ్లూ రామక్క అనే ఒక పెద్దామె ఆయన పెరట్లో బొగ్గుల పొయ్యి మీద, చేత్తో తిప్పే డబ్బాలో గింజలు వేయించేది. బొంబాయిలో ఏదో కాఫీ హోటలు మూతపడి దాని యంత్రం అమ్మకానికి వచ్చిందని తెలిసి, శెట్టి కళ్లతో చూడకుండానే రైల్లో తెప్పించాడు. పోత ఇనుప కాళ్లు, ఎద్దు కడుపంత డ్రమ్ము, ముందర వేగిన గింజలు చల్లార్చే పెద్ద పళ్లెం. అంతా బాగుంది గాని అది గ్యాసుతో నడిచే యంత్రం. బొంబాయిలో ఆ గ్యాసు వీధుల కింద గొట్టాల్లో వస్తుందట. ఆదోనిలో వీధుల కింద ఏముందని? శెట్టి ఆ సంగతి ఎవర్నీ అడగలేదు. యంత్రం వస్తే దాంతోపాటు అదీ వస్తుందనుకున్నట్టున్నాడు.

పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడుస్తున్నాయి కదా. బస్సు వెనక నిలువు డ్రమ్ములో బొగ్గు రగిలిస్తే గ్యాసు పుడుతుంది, దాంతో ఇంజను తిరుగుతుంది. ఆ డ్రమ్ములు బిగించడమే బళ్లారిలో నా పని. అదే గ్యాసును ఈ యంత్రానికి ఇవ్వవచ్చని ఎవరో చెబితే శెట్టి నాకు కబురు పెట్టాడు. ఎనిమిదేళ్లు బళ్లారిలో ఉండిపోయినవాణ్ని, ఇక్కడ నా మొహం ఎవరికీ గుర్తు లేదు. నేను ఎవరి బావమరిదినో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మూడేళ్ల నుంచి ఆ గడప ఎట్లా తొక్కాలా అని చూస్తున్నాను అక్కా. ఇప్పుడు వాళ్లే పిలిచి పీట వేశారు. ఆ మనిషికి ఏదో ఒకటి జరగాలి. ఏం జరగాలో నువ్వు చెప్పు.

బావకు ఈ ఉత్తరం చూపించకు.

మహానంది


ఎమ్మిగనూరు,
17 నవంబరు 1943.

మహానందిని అక్క దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి బియ్యం డబ్బాలో దాచాను. బావ బయట అరుగు మీద కండెలు చుడుతున్నాడు. మొండిచెయ్యి కింద నూలు అదిమిపట్టి ఎడమచేత్తో రాట్నం తిప్పుతాడు. మన నేత ఇళ్లలో అది ఆడవాళ్ల పని అని నీకు తెలుసు. ఆదోనిలో ఇంజను మేస్త్రీగా పేరు మోసిన మనిషి, వీధిలో పోయేవాళ్లు చూస్తారని గోడ వైపు తిరిగి కూర్చుంటాడు.

పోయిన పున్నమికి కులపెద్ద నరసప్ప ఇంట్లో పెండ్లి జరిగింది. మా వీధిలో ప్రతి ఇంటికీ పిలుపు వచ్చింది, మాకు తప్ప. లింగం కట్టుకున్నవాడు తాగాడని రుజువైతే పంక్తిలో కూర్చోబెట్టరు. ఆ కట్టు నరసప్ప పెట్టింది కాదు, మన తాతల నుంచి ఉన్నదే. నాకు నరసప్ప మీద కోపం లేదు. ఉన్నదంతా ఒక్కడి మీదే.

నువ్వు అప్పుడు బళ్లారిలో ఉన్నావు, నీకు సగమే తెలుసు. ఇంజను తోలుపట్టా చీలిపోయిందని బావ శెట్టికి నాలుగుసార్లు చెప్పాడు. ఈ సీజను గడిచేదాకా నెట్టుకురమ్మన్నాడు శెట్టి. పట్టా తెగింది, చెయ్యి పోయింది. విచారణకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తప్పు తన మీదికి వస్తుందని తెలిసి శెట్టి అందరి ముందూ ఒకే మాట అన్నాడు: "తాగొచ్చినాడు సామీ." ఇన్‌స్పెక్టరు రాసుకుపోయాడు. మిల్లులో ఒక్కడు నోరు విప్పలేదు. జన్మలో కల్లు వాసన ఎరగని మనిషి, చెయ్యి పోయినందుకు ఏడవలేదు గాని ఆ మాటకు ఏడ్చాడు.

ఏం జరగాలో ఇప్పుడే చెప్పలేను. నువ్వు పని మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా చెయ్యి. శెట్టి ఇస్తే కాఫీ తాగు, పిలిస్తే పలుకు. ఎప్పుడు ఏమన్నాడో, ఎవర్ని ఏమని తిట్టాడో అంతా రాయి.

శ్రీశైలమ్మ


ఆదోని,
2 డిసెంబరు 1943.

అక్కకు నమస్కారాలు.

యంత్రం నిలబెట్టాను. సిమెంటుకు పర్మిట్టు దొరకలేదు. గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపి, బండ పరిచి, నాలుగు బోల్టులు నాటాను. రసమట్టం పెట్టి రెండు రోజులు సరి చూశాను. డ్రమ్ము వెంట్రుకవాసి ఒరిగినా గింజలన్నీ ఒక పక్కకు చేరి మాడిపోతాయి. బర్నరు ఇత్తడి గొట్టానికి సూదిమొనంత రంధ్రాలు నూట నలభై ఉన్నాయి. బొంబాయి గ్యాసుకు అవి సరిపోతాయి. బొగ్గు గ్యాసు పలచన, వేడి తక్కువ, అందుకని చేతి బర్మాతో ఒక్కొక్క రంధ్రాన్నీ పెద్దది చేశాను. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ మనిషి పని అని తెలిసి కూడా చెడగొట్టడానికి చెయ్యి రాలేదు అక్కా, అదేం పాపమో.

శెట్టి ఎవర్నీ ఏమీ తిట్టలేదు. ఎప్పుడు చూసినా నవ్వుమొహమే. తప్పు జరిగితే మాత్రం వెంటనే పక్కవాడి వైపు చూస్తాడు. నిన్న పళ్లెం దింపుతుంటే తనే చెయ్యి జారవిడిచి, బజారి అనే హమాలీ వదిలేశాడని చెప్పాడు. బజారి అప్పుడు గేటు దగ్గర ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. శెట్టి యంత్రాన్ని గోడౌను లోపలి గదిలో పెట్టించాడు. ఒకే తలుపు, కిటికీ లేదు. ఏ గింజలో ఏది కలుపుతాడో, చికోరీ ఎంత వేస్తాడో ఎవరూ చూడకూడదట. పని మొదలయ్యాక తలుపు గడియ పెట్టుకుని ప్రతి వాయీ తనే దగ్గర కూర్చుంటానన్నాడు.

ఈ గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. మండకుండా మిగిలింది గదిలో చేరితే ముందు తలనొప్పి వస్తుంది, తరవాత నిద్ర వస్తుంది. బళ్లారిలో ఒక డ్రైవరు మూసిన బస్సులో మధ్యాహ్నం కునుకు తీసి మళ్లీ లేవలేదు. అందుకని గదిలోంచి కప్పు మీదికి గొట్టం పెట్టి తీరాలి. నేనింకా పెట్టలేదు. పెట్టాలన్న సంగతి ఇక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీకు తెలిసింది.

మహానంది


ఎమ్మిగనూరు,
5 డిసెంబరు 1943.

మహానందీ,

దీవెనలు తరవాత. రేపు పొద్దున్నే ఆ గొట్టం పెట్టు.

నేను మెత్తబడ్డాననుకోకు. వాడు నిద్రలో పోతే నాకేం ఒరుగుతుంది? ఆదోని బజారంతా మూసేసి దండలు వేస్తారు. పుణ్యాత్ముడు, సుఖంగా పోయాడంటారు. బావ తాగాడన్న మాట మాత్రం పోదు. దాన్ని అన్నది ఆ నోరు, వెనక్కి తీసుకోవాల్సిందీ ఆ నోరే. నువ్వు దాన్నే శాశ్వతంగా మూసేస్తానంటున్నావు. వాడి ప్రాణం నాకెందుకురా? నాకు వాడి నోరు కావాలి.

ఇంకొక మాట. తలుపు మూసుకుని వాడొక్కడే కూర్చుంటాడని నీకు ఎవరు పూచీ? గొట్టం పెట్టానని రాసేదాకా నేను రాత్రి అన్నం మానేశాను. ఉపవాసం ఎందుకని బావ అడిగితే మొక్కు ఉందన్నాను.

శ్రీశైలమ్మ


ఆదోని,
10 డిసెంబరు 1943.

అక్కకు నమస్కారాలు.

అన్నం తిను. గొట్టం పెట్టాను. గోడ కింద ఒకటి, కప్పు దగ్గర ఒకటి గవాక్షాలు కూడా కొట్టించాను. కానీ నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా అందింది.

ఆరో తారీకు మధ్యాహ్నం పాత గింజలు పోసి యంత్రాన్ని మొదటిసారి తిప్పి చూశాను. నేను బయట బొగ్గు డ్రమ్ము దగ్గర ఉన్నాను. మాడిన గింజలు ఏరడానికి రామక్క గదిలోకి పోయిందని నాకు తెలియదు. ఎంతసేపటికీ రాలేదని శెట్టి తలుపు తీశాడు. ఆమె పళ్లెం పక్కన ఒరిగి ఉంది. శెట్టి కేక పెట్టి తనే లోపలికి పరిగెత్తి, ఆమెను రెండు చేతులా ఎత్తుకుని ఎండలోకి తెచ్చి పడుకోబెట్టాడు. ఉత్తరీయంతో విసిరాడు. జట్కా పంపి డాక్టరును పిలిపించాడు. రామక్క బతికింది. రెండు రోజులు తల ఎత్తలేకపోయింది, ఇప్పుడు లేచి తిరుగుతోంది.

శెట్టి నన్ను ఒక్క మాట అనలేదు. నీకు తెలియనిది నాకేం తెలుస్తుంది మేస్త్రీ, ఇకమీదట చూసుకో అన్నాడు, అంతే. నాకు తెలిసే పెట్టలేదని ఆయనకు తెలియదు.

అక్కా, నిన్ను ఒకటి అడుగుతాను, కోపగించుకోకు. ఆ మనిషి అంత చెడ్డవాడు కాదేమో. మూడేళ్ల కిందట భయపడి ఒక మాట అనేశాడేమో. యంత్రం అప్పగించి నేను బళ్లారి వెళ్లిపోనా?

మహానంది


ఎమ్మిగనూరు,
14 డిసెంబరు 1943.

మహానందీ,

రామక్కను ఎత్తుకున్నాడా? సంతోషం. నలుగురు చూస్తుంటే ఎత్తుకోవడం ఆయనకు బాగా వచ్చు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. బావను ఆసుపత్రికి ఎత్తుకుపోయిన మరునాడు పొద్దున ఇంజనుకు కొత్త పట్టా వేశారు. బజారుకు పోయి తెచ్చింది కాదు. స్టోరు గదిలో అప్పటికి నెల రోజులుగా ఉన్నదే. బావ అడిగిన నాలుగుసార్లూ అది అక్కడే చుట్ట చుట్టి ఉంది. పట్టా మార్చాలంటే ఒక పూట మిల్లు ఆపాలి. ఆ పూట ఆపడం ఇష్టం లేక ఆపలేదు. ఈ సంగతి బావ నాకొక్కదానికే చెప్పాడు, చెప్పి ఎవరితోనూ అనవద్దన్నాడు. ఎవరు నమ్ముతారు, తాగినవాడి మాట అన్నాడు.

రామక్క పడింది నీ వల్ల. ఆ తప్పును శెట్టి మంచితనంతో కడుక్కోవాలని చూడకు. ఆమె కాళ్లకు మొక్కి, ఆమె కోలుకునేదాకా పాలు పోయించు.

ఒకటి మాత్రం నీ ఉత్తరాల్లోంచి నాకు దొరికింది. పళ్లెం జారవిడిచి బజారి మీదికి తోశాడని రాశావు చూడు. ఆ మనిషికి తప్పు తన చేతిలో పేలితే నాలుక ఆగదు. ముందు ఎవరి మీదికి తొయ్యాలా అని వెతుక్కుంటుంది. నేను దాని కోసమే కూర్చున్నాను. యంత్రం ప్రారంభం ఎప్పుడు? ఎవరెవరిని పిలుస్తున్నాడు? ముహూర్తం పెట్టించాడా?

బళ్లారి ఎక్కడికీ పోదు. నువ్వు కదలకు.

శ్రీశైలమ్మ


ఆదోని,
8 జనవరి 1944.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక మూడు వారాలు కలం పట్టలేదు. స్టోరు గదిలోకి పోయి చూశాను. అక్కడ ఇప్పుడు కూడా రెండు కొత్త పట్టాలు చుట్ట చుట్టి ఉన్నాయి. ఇక నన్ను బళ్లారి మాట ఎత్తమన్నా ఎత్తను.

రామక్కకు జరిగింది చెప్పేశాను. నా తమ్ముడివై ఉంటే నాలుగు తన్నేదాన్ని అంది, తరవాత పాలు తాగింది.

యంత్రం ఇప్పుడు చక్కగా తిరుగుతోంది. గింజ మొదట పచ్చి గడ్డి వాసన, తరవాత రొట్టె వాసన, చిటపటమన్నాక అసలు కాఫీ వాసన. ఆ చిటపట విని ఎప్పుడు దించాలో రామక్క చెబుతుంది. నా గడియారం కంటే ఆమె చెవి నయం.

ప్రారంభం మాఘ శుద్ధ పంచమి. పూజ తొమ్మిదికి ముగుస్తుందని, పురోహితుడు పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తం పెట్టాడు. ఒక్క నిమిషం దాటకూడదని శెట్టి పట్టుదల. బజారు పెద్దలు వస్తారు. లోపల మంట పెట్టే యంత్రం కాబట్టి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పాత ఆయనే. ఇంకొకరు ఎవరో తెలుసా? మన నరసప్ప. నూలు కంట్రోలు వచ్చింది కదా, శెట్టికి నూలు పంచే లైసెన్సు నిలవాలంటే ఎమ్మిగనూరు నేతవాళ్ల పెద్ద సంతకం కావాలట. అందుకని ముందురోజే రమ్మని, మఠంలో బస ఏర్పాటు చేశాడు.

నువ్వు అడగకముందే ఇంకొకటి చెబుతాను. బొగ్గు ముట్టించాక చేతి ఫ్యాను అరగంట తిప్పాలి. మొదట వచ్చేది తెల్ల పొగ. విడిగా ఉన్న చిన్న గొట్టం దగ్గర వెలిగించి చూస్తే మంట నీలంగా నిలబడాలి. అప్పుడే బర్నరుకు ఇవ్వాలి. తొందరపడి ముందే ఇస్తే, గాలి కలిసి ఢామ్మని వెనక్కి కొడుతుంది. మనిషికి ప్రాణభయం లేదు గాని మొహం నిండా మసి. ఈ సంగతి శెట్టికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తల ఊపాడు.

మహానంది


ఎమ్మిగనూరు,
12 జనవరి 1944.

మహానందిని అక్క దీవించి రాస్తున్నది.

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.

మన ఇళ్లలో కొత్త మగ్గం దించితే, మొదటి పోగు వేసేవాడు ముందురోజు సాయంత్రం కులపెద్ద చేత కంకణం కట్టించుకుంటాడు. పని ముగిసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టడు. ఆ పెద్ద కళ్ల ముందే ఉంటాడు, ఆయన పక్కనే పడుకుంటాడు. మన నాయన మగ్గానికి నువ్వే కట్టించుకున్నావు, గుర్తుందా? యంత్రానికి కూడా అదే చెయ్యి. నరసప్ప ఆదోనిలో దిగగానే మఠానికి పోయి, నా చేతి మీద ప్రారంభమవుతున్న పని, మీరు కట్టండి అని అడుగు. నీ మీద కట్టు లేదు. కట్టు మా ఇంటికే. ఆయన కాదనడు, లోపల సంతోషిస్తాడు కూడా. ఆయనకు నా పేరు, బావ పేరు ఎత్తకు.

కంకణం కట్టించుకున్నవాడు పూజ మధ్యలో లేవకూడదు. కాబట్టి పూజ ముగిసేదాకా నువ్వు బొగ్గు ముట్టించలేవు. తొమ్మిదికి ముట్టిస్తావు. ముహూర్తం పన్నెండు నిమిషాలకు వస్తుంది. గ్యాసు రాదు. ఆగమని అందరికీ వినబడేటట్టు మూడుసార్లు చెప్పు. ఒక్క అబద్ధం కూడా ఆడకు, వాడి చెయ్యి పట్టుకుని ఆపకు. రామక్కను, జనాన్ని దూరంగా నిలబెట్టు.

తరవాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ మాట వాడి నోట్లో మూడేళ్ల నుంచి అరిగిపోకుండా ఉంది.

శ్రీశైలమ్మ


ఆదోని,
31 జనవరి 1944.

అక్కా,

నమస్కారాలు తరవాత. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న సాయంత్రం నరసప్ప మఠంలో నాకు కంకణం కట్టాడు. ఈ రోజుల్లో కుర్రకారు ఇవన్నీ ఎక్కడ పాటిస్తున్నారని మెచ్చుకున్నాడు. ఆయన పక్కనే చాప మీద పడుకున్నాను. తెల్లవారి ఇద్దరం కలిసి నడిచి గోడౌనుకు వచ్చాం. పూజ తొమ్మిదికి ముగిసింది. బొగ్గు ముట్టించి ఫ్యాను తిప్పుతున్నాను, చిన్న గొట్టం దగ్గర ఇంకా తెల్ల పొగే. శెట్టి పట్టు పంచె కట్టుకుని గడియారం చేత పట్టుకుని నిలబడ్డాడు. పురోహితుడు సమయం అన్నాడు.

నేను ఇంకా గ్యాసు రాలేదు, పావుగంట ఆగాలి అని గట్టిగా చెప్పాను. ముహూర్తం దాటిపోతుందన్నాడు శెట్టి. రెండోసారి చెప్పాను. పెద్దలంతా నవ్వారు. మూడోసారి, ఇప్పుడు వెలిగిస్తే వెనక్కి కొడుతుంది అయ్యా అని చెప్పాను. ఇన్‌స్పెక్టరు తల తిప్పి నన్ను చూశాడు. శెట్టి నన్ను పక్కకు నెట్టి, తనే బర్నరు మర తిప్పి అగ్గిపుల్ల గీశాడు.

ఢామ్మంది. యంత్రం ముందు తలుపు విసురుగా తెరుచుకుంది. పొగ, మసి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. శెట్టి పట్టు పంచె, మొహం, మీసాలు అన్నీ నల్లబడ్డాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆయన చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"వీడు తాగొచ్చినాడప్పా. పొద్దున్నుంచి సూస్తాండాను, నిలబడేకే సేతకాల్యా వానికి."

అక్కా, నువ్వు చెప్పావు గాని, ఆ మాట నిజంగా వినబడేసరికి నాకు బావ గుర్తొచ్చాడు. ఆయన కూడా ఇట్లాగే నిలబడి విని ఉంటాడు. నా చెయ్యి కొంచెం పైకెత్తి పసుపుదారం కనబడేటట్టు పట్టుకున్నాను.

నరసప్ప లేచాడు. ఆయన నిదానం నీకు తెలుసు కదా. కర్ర పట్టుకుని శెట్టి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"శెట్టీ, ఇంగోసారి సెప్పు."

శెట్టికి అర్థం కాక మళ్లీ అన్నాడు. ఈసారి గొంతు చిన్నదైంది.

"నిన్న సందేళ నేను కట్టిన కంకణం అది. అప్పట్నుంచి వీడు నా కండ్ల ముందర్నే ఉండాడు, నా పక్కలోనే పండుకున్యాడు. గుక్కెడు నీళ్లు గుడ తాగల్యా. వీడు తాగినాడంటావా?"

నరసప్ప ఇంకా అయిపోలేదన్నట్టు ఆగి, ఆలోచించి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"మా శంకరన్న తాగినాడని గుడ ఈ నోరే గదప్పా సెప్పింది. మూడేండ్లు వాన్ని పంక్తిలోకి రానీల్యా నేను."

అప్పుడు చెప్పాను, శంకరన్న నా అక్క మొగుడని. శెట్టి మొహం మసిలో కూడా తెల్లబోయింది. ఇన్‌స్పెక్టరు, పాత కాగితాలు మళ్లీ తీయించాలి అని తన గుమాస్తాతో అందరికీ వినబడేటట్టు చెప్పాడు. స్టోరు గదిలో పట్టాల సంగతి ఆయనకు చెప్పింది రామక్క. హమాలీ బజారి అవునన్నాడు. ఇన్నేళ్లు నోరెత్తనివాళ్లు ఒకరి తరవాత ఒకరు మాట్లాడారు. నరసప్ప సంతకం పెట్టకుండా, శెట్టి ఇచ్చిన కాఫీ తాగకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

నేను పావుగంట ఆగి, మంట నీలంగా వచ్చాక బర్నరు వెలిగించాను. రామక్క గింజలు దించింది. మొదటి వాయి బంగారంలా వచ్చింది. యంత్రంలో లోపం లేదని చూపించకుండా ఆ గదిలోంచి బయటికి రాబుద్ధి కాలేదు.

బావకు చెప్పావా? ఏమన్నాడు?

మహానంది


ఎమ్మిగనూరు,
25 ఫిబ్రవరి 1944.

చిరంజీవి మహానందిని అక్క శ్రీశైలమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ఆలస్యంగా రాస్తున్నాను. అంతా ముగిశాక రాయాలని ఆగాను.

నరసప్ప ఆదోని నుంచి నేరుగా మా అరుగు మీదికే వచ్చాడు. మూడేళ్ల తరవాత ఆ మనిషి మా ఇంట్లో మంచినీళ్లు తాగాడు. జరిగినదంతా బావకు చెప్పి, తప్పైపోయింది నాయనా అన్నాడు. బావ అంతా విన్నాడు. నరసప్ప వెళ్లిపోయాక నా వైపు చూసి, "నిప్పు ఆలెస్యంగా పెట్టినాడు గదా మీ తమ్ముడు?" అన్నాడు. ఇంజను మేస్త్రీ ముందు మనం ఎంత దాచినా ఏం లాభం? నేను తల వంచుకున్నాను. ఆయన నవ్వాడు. నేను ఆ నవ్వు మరిచిపోయి ఉన్నాను.

శెట్టి పది రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. నరసప్ప సంతకం లేకుండా లైసెన్సు పోతుందని తేలాక, ఇద్దరు పెద్దమనుషులను పంపాడు. శివరాత్రి మరునాడు మఠంలో జరిగే పంక్తి భోజనానికి వచ్చి, తను అన్నది అబద్ధమని అందరి ముందూ చెబుతానన్నాడు. పెద్దలు సరేనన్నారు. అక్కడ ఇంకొక చిక్కు వచ్చింది. బావకు ఉన్నది ఎడమచెయ్యి. పంక్తిలో ఎడమచేత్తో తినడం మనలో లేదు. అతనికి అరుగు మీద విడిగా విస్తరి వేద్దాం, మాట దక్కింది కదా, అది చాలదా అని ఎవరో అన్నారు.

నేను తలుపు వెనక నుంచి విన్నాను. పెద్దల మాటలో ఆడది కలగజేసుకోకూడదు. కలగజేసుకున్నాను.

"ఆయప్ప కుడిసెయ్యి యాడ పోయిందో మీకందరికీ తెలుసు. పోగొట్టినోని సెయ్యి బాగనే ఉంది గదా. అది పెట్టనీ."

నరసప్ప, ఆమె అడిగిందే న్యాయం, ఇష్టమైతే రమ్మనండి, లేకుంటే సంతకం లేదని చెప్పి పంపాడు. శెట్టి రాడనే అనుకున్నాను. వాళ్లు మన ఇళ్లలో మంచినీళ్లు కూడా ముట్టరు.

మొన్న వచ్చాడు. ముందు మఠం ముంగిట నిలబడి చెప్పాడు. శంకరన్న తాగలేదు, పట్టా చీలిందని నాలుగుసార్లు చెప్పాడు, నేను మార్చలేదు, అబద్ధమాడాను. నరసప్ప వెనక వాళ్లకు వినబడలేదంటే మళ్లీ చెప్పాడు. తరవాత బావను పంక్తి మధ్యలో కూర్చోబెట్టారు. ఓళిగలు, పప్పు, అన్నం వడ్డించారు. శెట్టి ఆయన ఎదురుగా కింద కూర్చుని, చెయ్యి కడుక్కుని, అన్నం కలిపి ముద్ద చేసి అందించాడు. మెతుకులు బావ ఒళ్లో పడ్డాయి. బావ నోరు తెరిచి ముద్ద తీసుకున్నాడు.

ఆయన ఎంత నిదానంగా తిన్నాడంటే, ఒక్కొక్క ముద్దనూ మొదటిసారి అన్నం చూసినవాడిలా నమిలాడు. పంక్తిలో చివరివాడు తిని లేచేదాకా ఎవరూ లేవకూడదు కదా. అందరి విస్తళ్లూ ఖాళీ అయ్యాయి. నూట యాభైమంది చేతులు ఎండిపోయేదాకా కూర్చుని ఆ ఇద్దర్నే చూశారు. శెట్టి నుదుటి చెమట కారి కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. విస్తరి ఖాళీ అయింది. శెట్టి ఇక అయిపోయిందని లేవబోయాడు.

బావ ఆయన మొహంలోకి చూసి చెప్పాడు.

"ఇంగా అన్నం ఎయ్యమను, శెట్టీ. ఆకలి తీరల్యా."

శెట్టి మళ్లీ కూర్చున్నాడు. రెండోసారి వడ్డించారు. నేను తలుపు పట్టుకుని నిలబడి ప్రతి ముద్దా లెక్కపెట్టాను తమ్ముడా. బావ మూడోసారి కూడా అడిగాడు.

శ్రీశైలమ్మ